నాన్నగారికి ఇంట్లో ఆక్సిజన్ పెట్టేం – దీపం, కరెంటు, వరద సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి

అంబాజీపేట అమ్మాయి | జూన్ 14, రాత్రి 9:20

అందరికీ నమస్కారమండీ. మా నాన్నగారికి 71 ఏళ్లు. నలభై ఏళ్లు లంక పొగాకు చుట్ట కాల్చేరు. ఆయాసం ముదిరి పది రోజులు ఆసుపత్రిలో ఉండి, మొన్న బుధవారం ఇంటికొచ్చేం. సీఓపీడీ అన్నారు, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు మూసుకుపోయే దీర్ఘకాలపు జబ్బు. డిశ్చార్జి కాగితం మీద ఆక్సిజన్ గురించి ఒక్క వరసే ఉంది: నిమిషానికి 2 లీటర్లు, రోజుకి 15 గంటలకి తగ్గకుండా, వేలికి పెట్టి చూసే మిషను మీద ఆక్సిజన్ శాతం రీడింగు 88 నించి 92 మధ్య. ఇంట్లో ఎలా పెట్టాలి, ఏం చెయ్యకూడదు అన్నది ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

2021లో కరోనా రెండో విడతప్పుడు మా పెదనాన్నగారబ్బాయి కొన్న 5 లీటర్ల కాన్సంట్రేటరు (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషను) అటక మీంచి దింపి ఇచ్చేడు. అప్పట్నించీ దాన్ని ఎవరూ వాడలేదట. స్విచ్చి వెయ్యగానే బానే తిరిగింది. సావిట్లో నాన్నగారి మంచం పక్కనే పెట్టేం.

ఇక నా భయాలు. దేవుడి గూడు కూడా ఆ సావిట్లోనే ఉంది. అమ్మ రెండు పూటలా దీపం పెట్టి, హారతి పళ్లెం తెచ్చి నాన్నగారి మొహం దగ్గర చూపిస్తుంది. ముక్కు ఎండిపోతోందంటే నిన్న కొబ్బరినూనె రాసింది. రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది. వేలి మిషను 90 చూపిస్తుంటే, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ "98 ఉండాలి కదమ్మా, పెంచండి" అంటున్నారు. నాన్నగారు రెండుసార్లు చుట్ట అడిగేరు.

వచ్చే ఆదివారం నేను హైదరాబాదు వెళ్లిపోవాలి. ఆలోపు అమ్మకి అన్నీ నేర్పాలి. ఇంట్లో ఆక్సిజన్ చూసుకున్న అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

పాలకొల్లు సిస్టరు | జూన్ 14, రాత్రి 9:41

అమ్మాయ్, మిగతాది చదివే ముందు ఒక పని చేసిరా. మిషను ఆపి, నాన్నగారి ముక్కు, మీసం, గడ్డం మీదున్న కొబ్బరినూనె సబ్బు నీళ్లతో తుడిచెయ్. గొట్టానికి అంటుకున్న నూనె కూడా. ఆ పనయ్యాక వచ్చి చదువు.

ముప్పై ఏళ్లు వార్డుల్లో పనిచేసి రిటైరయ్యేను. ఆక్సిజన్ తనంతట తాను మండదు. మండేదాన్ని మాత్రం వదిలిపెట్టదు. మనం పీల్చే గాలిలో అది 21 శాతం. ముక్కు గొట్టం పెట్టుకున్న మనిషి చుట్టూ అంతకంటే ఎక్కువ ఉంటుంది. జుట్టులో, మీసంలో, తువ్వాల్లో, దుప్పట్లో, దిండు గలీబులో చేరి కూర్చుంటుంది. మామూలప్పుడు చిన్న నిప్పురవ్వ పడితే చొక్కాకి చిల్లి పడి ఆరిపోతుంది. ఆక్సిజన్ పట్టిన చొక్కా మీద పడితే భగ్గుమంటుంది, ఆర్పడానికి చెయ్యి లేచేలోపే మొహం దాకా వచ్చేస్తుంది.

మీ ఇంట్లో నాకు అన్నిటికంటే భయం వేసింది హారతి పళ్లెం. గూట్లో దీపం కనీసం దూరంగా ఉంటుంది. హారతి కర్పూరాన్ని మనమే చేత్తో తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టుకున్న మొహం ముందు ఊపుతున్నాం. ఈ రాత్రి నించే ఆపించు. అమ్మగారికి కష్టంగా ఉంటుంది, తెలుసు. హారతి గూడు దగ్గరే ఇచ్చి, ఆ వెలుగు మీద తన చెయ్యి చూపించి, ఆ చేత్తో వచ్చి నాన్నగారి కళ్లకి అద్దమను. దేవుడికి లోటేం రాదు.

అసలు నాన్నగారి మంచాన్ని దీపం లేని గదిలోకి మార్చెయ్యండి. గది లేకపోతే దీపానికీ, మిషనుకీ, మనిషికీ మధ్య పదడుగులకి తక్కువ కాకూడదు. అగరొత్తి, సాంబ్రాణి ధూపం, దోమల చుట్ట ఆ గదిలోకి అసలు రాకూడదు. వాటి నిప్పు సంగతి అలా ఉంచినా, ఆ పొగ ఆయన ఊపిరితిత్తులకి పనికిరాదు. దోమలకి తెర కట్టండి. దోమల బ్యాటు చిటపటమంటుంది చూడు, అది నిప్పురవ్వే. మంచం దగ్గర ఆడించకండి.

ముక్కు ఎండితే మందుల షాపులో నీటితో చేసిన జెల్లీ గానీ, సెలైన్ ముక్కు చుక్కలు గానీ అడుగు. వేజ్‌లైన్, నూనె, జలుబుకి రాసే బామ్ లాంటివి ముక్కు దగ్గరికి తేకూడదు. శానిటైజరు రాసుకున్నా, చేతులు పూర్తిగా ఆరాకే గొట్టం ముట్టుకోవాలి.

మార్టేరు రైతు | జూన్ 14, రాత్రి 10:15

చుట్ట సంగతి నేను చెప్తానండి. ఇది మా ఇంట్లోనే జరిగింది.

మా నాన్నకీ ఇంట్లో ఆక్సిజనే. మూడేళ్ల కిందట. మేం ఎంత చెప్పినా మానలేదు. "గొట్టం తీసేసే కాలుస్తున్నాను కదరా" అనేవోడు. ఆ రోజు మధ్యాహ్నం అందరం పొలంలో ఉన్నాం. మిషను ఆపకుండా, గొట్టం తీసి పక్క మీద పడేసి, అరుగు మీదకెళ్లి చుట్ట ముట్టించేడు. మీసం, తువ్వాలు ఒక్కసారే అంటుకున్నాయి. పక్కింటామె చూసి తడి గోనె కప్పింది కాబట్టి మనిషి దక్కేడు. పై పెదవి, ముక్కు లోపల కాలిపోయి నెలరోజులు సరిగా అన్నం తినలేకపోయేడు. లోపల మంచం మీద పడేసిన గొట్టం వల్ల పరుపంతా ఆక్సిజన్ పట్టేసి ఉంది. ఆ చుట్ట అక్కడ ముట్టించి ఉంటే ఇల్లే పోయేది.

గొట్టం తీసినంత మాత్రాన బట్టల్లోంచి, జుట్టులోంచి ఆక్సిజన్ వెంటనే పోదని డాక్టరుగారు తర్వాత చెప్పేరు. కనీసం ఇరవై నిమిషాలైనా ఆరుబయట గాలికి తిరగాలట. చుట్ట నిప్పు సిగరెట్టు నిప్పు కంటే పెద్దది, రవ్వలు కూడా ఎక్కువ రాలతాయి. మీ నాన్నగారి చుట్టలు, అగ్గిపెట్టె ఇంట్లోంచి తీసెయ్యండి చెల్లెమ్మా. దొంగతనంగా తెచ్చిచ్చే స్నేహితులుంటారు. వాళ్లకీ చెప్పండి. మాకు తెచ్చిచ్చింది మా సొంత బాబాయే.

కొత్తపేట కొబ్బరితోట | జూన్ 14, రాత్రి 10:32

మిగతావన్నీ బాగా చెప్పేరు. రీడింగు దగ్గర మాత్రం నాది వేరే మాట. మా అమ్మకి 2 పెడితే 90 దగ్గరే ఆగిపోతుంది. నేను 4 పెడతాను, 97 వస్తుంది, ఆయాసం కూడా తగ్గినట్టు ఉంటుందండి. 5 లీటర్ల మిషను పెట్టుకుని 2 దగ్గర ఆపడం ఎందుకు?

ఛాతీ డాక్టరు, కాకినాడ | జూన్ 15, ఉదయం 6:05

కొత్తపేట అన్నయ్యగారూ, దయచేసి ఈ పూటే మీ అమ్మగారికి డాక్టరు ఎంత రాశారో చూసి అంతే పెట్టండి. అమ్మగారు మామూలు కంటే ఎక్కువ నిద్రపోతున్నా, పొద్దున్నే తలనొప్పి అంటున్నా, మాట తికమకగా ఉన్నా, చేతులు చాపితే వణుకుతున్నా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆక్సిజన్ ఒక మందు. మందుకి మోతాదు ఉన్నట్టే దీనికీ ఉంది. ఊపిరితిత్తులు బాగున్న మనిషికి 94 నించి 98 సరైనది. చాలాకాలంగా సీఓపీడీ ఉన్నవాళ్లలో కొందరికి ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్, అంటే మన పాత పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు, సరిగా బయటికి పోదు. వాళ్లకి ఆక్సిజన్ అవసరాన్ని మించి ఇస్తే ఆ వాయువు ఇంకా పేరుకుంటుంది. మనిషి మగతలోకి జారతాడు. వేలి మిషను మీద మాత్రం 97, 98 కనిపిస్తూ ఉంటుంది, ఇంట్లోవాళ్లు బాగుందనుకుంటారు. ఆ మిషను కార్బన్ డయాక్సైడ్‌ని చూపించలేదు. మణికట్టు ధమనిలోంచి రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్షలోనే అది తెలుస్తుంది. అందుకే సీఓపీడీ వాళ్లకి 88–92 అని రాస్తాం. అమ్మాయిగారూ, మీ నాన్నగారికి 90 ఉందంటే అది ఉండవలసిన చోటే ఉంది. చూడ్డానికొచ్చినవాళ్లకి ఈ మాట చెప్పండి.

ఆ 15 గంటల లెక్క కూడా ఊరికే రాసింది కాదు. 1980, 1981లో అమెరికాలో, బ్రిటన్‌లో వచ్చిన రెండు పరిశోధనల నించి అది వచ్చింది. రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన సీఓపీడీ రోగులు రోజులో ఎక్కువ గంటలు పెట్టుకుంటే ఎక్కువకాలం బతికారు. ఆయాసం వచ్చినప్పుడు అరగంట పెట్టుకుని తీసేస్తే ఆ లాభం రాదు. రాత్రి నిద్రంతా కలుపుకుంటే 15 గంటలు కష్టమేం కాదు.

వేలి మిషను చూసేటప్పుడు వేలు వెచ్చగా ఉండాలి, గోళ్లరంగు ఉండకూడదు, అంకె నిలకడగా నిలిచేదాకా నిమిషం ఆగాలి. చామనఛాయ, నలుపు ఒళ్లున్నవాళ్లలో అది అసలు కంటే కాస్త ఎక్కువ చూపించవచ్చు. కాబట్టి అంకెతోపాటు మనిషినీ చూడండి. పెదాలు నీలంగా మారినా, మాట పూర్తిచెయ్యలేనంత ఆయాసం వచ్చినా అంకె ఎంతున్నా సరే 108కి ఫోన్ చెయ్యండి.

నేను మీ నాన్నగారిని చూడలేదు. ఆయన అంకె మార్చాలంటే రాసిన డాక్టరే మార్చాలి.

నరసాపురం లేసు | జూన్ 15, ఉదయం 7:30

డాక్టరుగారు చెప్పిన మగత మా అత్తగారి విషయంలో చూశానండి. ఆవిడ చుట్ట గానీ బీడీ గానీ ముట్టి ఎరగరు. యాభై ఏళ్లు కొబ్బరి మట్టలు, డొక్కలు, పిడకలు పెట్టి కట్టెల పొయ్యి ఊదేరు, అంతే. ఆ పొగే ఊపిరితిత్తుల్ని తినేసింది.

ఆయాసం చూడలేక మా ఆయన రాత్రి 1 మీంచి 5కి తిప్పేసేరు. "అమ్మ ఎన్నాళ్లకో హాయిగా పడుకుంది" అని మురిసిపోయేం. పొద్దున్న తొమ్మిదైనా లేవలేదు. కుదిపితే కళ్లు తెరిచి మళ్లీ మూసుకున్నారు. 108లో తీసుకెళితే, కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగిపోయిందని బైపాప్ మాస్కు, అంటే ఊపిరి ఆడటానికి గాలిని ఒత్తిడితో పంపే మాస్కు, పెట్టి నాలుగు రోజులు ఉంచేరు. ఆవిడ బతికేరు గానీ, ఆ రాత్రి సంగతి తలుచుకుంటే మా ఆయన ఇప్పటికీ కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ప్రేమ కొద్దీ చేసిన పనే అది. ఇప్పుడు ఆ మర మీద టేపు అంటించి, దాని మీద "1 – తిప్పకూడదు" అని రాసి పెట్టేం.

కొత్తపేట కొబ్బరితోట | జూన్ 15, ఉదయం 8:10

చదివేక చేతులు చల్లబడిపోయేయండి. కాగితం తీసి చూశాను, 2 అనే రాసుంది. తగ్గించేశాను. వారం నించి పొద్దున్నే తల బరువుగా ఉందంటోంది అమ్మ. కారు మాట్లాడేను, ఇప్పుడే బయల్దేరుతున్నాం.

భీమవరం బయోమెడికల్ | జూన్ 15, మధ్యాహ్నం 1:25

కొత్తపేట అన్నగారూ, అమ్మగారి కబురు చెప్పండి.

నేను మిషన్లు బాగుచేస్తాను. అంబాజీపేట చెల్లెమ్మ చెప్పిన అటక మిషను గురించి నాకు గట్టి అనుమానం ఉంది. కాన్సంట్రేటరు లోపల ఆక్సిజన్ నిల్వ ఉండదు. గదిలో గాలిని పీల్చి, జియోలైట్ అనే గుళికల్లోంచి పంపుతుంది. ఆ గుళికలు నత్రజనిని పట్టేసుకుంటాయి, మిగిలిన ఆక్సిజన్ గొట్టంలోకి వస్తుంది. మంచి మిషనైతే 90 నించి 96 శాతం వస్తుంది. ఈ గుళికలకి తేమ పడదు. మన డెల్టా గాలి సంగతి తెలిసిందే కదా, ఉప్పు డబ్బా మూత రాత్రి తెరిచి పెడితే పొద్దున్నకి నీళ్లు కారుతుంది. ఏళ్ల తరబడి తిప్పకుండా ఉంచిన మిషను శబ్దం చేస్తుంది, నీళ్లలో బుడగలూ వస్తాయి, కానీ వచ్చేది సగం మామూలు గాలే కావచ్చు. 2021లో కొన్న మిషన్లు మన జిల్లాల్లో చాలా ఇళ్ల అటకల మీద ఇలాగే ఉన్నాయి. మా దగ్గరికి వచ్చేవాటిలో సరిగా పనిచెయ్యనివి తరచూ చూస్తున్నాను.

కాబట్టి ఆక్సిజన్ ఎనలైజరు ఉన్నవాళ్లని పిలిచి, 2 లీటర్ల దగ్గర ఓ పావుగంట తిప్పాక శాతం ఎంతో చూపించమనండి. చాలా మిషన్లలో 82 కిందకి పడితే హెచ్చరిక దీపం వెలుగుతుంది. పాతవాటిలో ఆ దీపం పాడై ఉండవచ్చు, దాన్ని నమ్ముకోకండి. పరీక్ష చేయించేదాకా వేలి రీడింగు తరచూ చూస్తూ ఉండండి.

మిషనుని గోడకి అడుగు దూరంలో పెట్టండి. పరదా వెనక, మంచం కింద, వంటింట్లో వద్దు. వెనకున్న స్పాంజి జాలీ వారానికోసారి సబ్బు నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. ధాన్యం తూర్పారబట్టే రోజుల్లో, రైసు మిల్లు పక్కన ఇల్లయితే రెండు మూడు రోజులకోసారి కడగాలి. ఎర్తు ఉన్న గోడ ప్లగ్గులోనే నేరుగా పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఫ్యాను, చార్జరు, మిషను అన్నీ కలిపి పెట్టొద్దు, కరిగిపోతాయి. మా వైపు రొయ్యల చెరువుల ఏరేటర్లు తిరిగే రాత్రిళ్లు ఓల్టేజీ దారుణంగా పడిపోతుంది. అలాంటి చోట స్టెబిలైజరు తప్పనిసరి.

రావులపాలెం మేనల్లుడు | జూన్ 15, మధ్యాహ్నం 2:50

బయోమెడికల్ అన్నా, ఇన్వర్టరు మీద ఎంతసేపు వస్తుంది? ఇంకోటి, ఆక్సిజన్‌కి తేమ పట్టించడానికి మిషనుకి పెట్టే నీళ్ల సీసాలో బోరు నీళ్లు పొయ్యొచ్చా? మా బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి.

భీమవరం బయోమెడికల్ | జూన్ 15, సాయంత్రం 4:00

5 లీటర్ల మిషను సుమారు 350 వాట్లు లాగుతుంది. 150 ఏహెచ్ బ్యాటరీ అంటే 12 ఓల్టులతో గుణిస్తే 1800. అందులో నష్టాలు పోను, బ్యాటరీని పూర్తిగా ఎండగట్టకూడదు కాబట్టి, కొత్త బ్యాటరీ మీద మిషను ఒక్కటే నడిపితే మూడు గంటలు అనుకోండి. ఫ్యానూ, టీవీ కూడా నడిస్తే ఇంకా తక్కువ. పాత బ్యాటరీ మీద గంట కూడా రాకపోవచ్చు. సైన్ వేవ్ ఇన్వర్టరే వాడాలి. స్క్వేర్ వేవ్ మీద కంప్రెసరు మోటారు వేడెక్కి పోతుంది.

బోరు నీళ్లు వద్దు. సీసా అడుగున తెల్లగా ఉప్పు పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి. డిస్టిల్డ్ వాటర్ మందుల షాపులో దొరుకుతుంది. అది లేని రోజున మరగబెట్టి చల్లార్చిన మంచినీళ్లు. బ్యాటరీలో పోసే నీళ్లు పొయ్యకండి, అది ఊపిరికి చేసింది కాదు.

పాలకొల్లు సిస్టరు | జూన్ 15, సాయంత్రం 4:35

ఆ సీసాలో నీళ్లు తరిగితే పైన కలపడం అలవాటు చాలామందికి. అలా చెయ్యొద్దు. రోజూ పారబోసి, సీసా కడిగి, కొత్తవి గీతల మధ్యకి పొయ్యాలి. లేకపోతే అందులో పెరిగిన క్రిములు నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతాయి. 2 లీటర్లకి అసలు సీసా లేకపోయినా చాలామందికి ఇబ్బంది ఉండదు, డాక్టరుని అడగండి.

ముక్కు గొట్టం కొసలు వారానికోసారి సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టు. రెండు మూడు వారాలకి కొత్తది మార్చు, జలుబు చేసి తగ్గినా మార్చు. చెవుల వెనక ఒరుసుకుని పుండ్లు పడతాయి, అక్కడ మెత్తటి గుడ్డ చుట్టు. గొట్టంలో గాలి వస్తోందో లేదో అనుమానమైతే కొసలు గ్లాసు నీళ్లలో ముంచితే బుడగలు రావాలి. చూశాక తుడిచి పెట్టు.

పెంకుటిళ్లలో గడపలు ఎత్తు. గొట్టం గడప మీదుగా పాకుతూ ఉంటే ఆయన గానీ అమ్మగారు గానీ తట్టుకుని పడతారు. గోడవారగా పోనివ్వు. చాప కింద దాచెయ్యకు, నొక్కుకుపోతుంది.

అంబాజీపేట అమ్మాయి | జూన్ 16, రాత్రి 8:55

ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదండి. నూనె ఆ రాత్రే కడిగేశాను. నాన్నగారి మంచం ఉత్తరం గదిలోకి మార్చేం. హారతి మాట అమ్మకి సిస్టరుగారు చెప్పినట్టే చెప్పేను. కాసేపు మాట్లాడలేదు. సాయంత్రం హారతి గూడు దగ్గరే ఇచ్చి, చేతులు వెచ్చజేసుకుని వచ్చి నాన్నగారి కళ్లకి అద్దింది. నాన్నగారు ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇవాళ రాజమండ్రి నించి ఒకాయన వచ్చి మిషను పరీక్ష చేసేరు. బయోమెడికల్ అన్నగారి అనుమానమే నిజం. 71 శాతం వస్తోంది. గుళికలు పోయాయన్నారు. అద్దెకి వేరే మిషను పెట్టించేం, అది 94 చూపించింది. పాత మిషను మీద 90 వచ్చిన రీడింగు, కొత్తదాని మీద అదే 2 లీటర్లకి 92 వస్తోంది. డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్తే, 92 దాటి పోతుంటే తనకి చెప్పమన్నారు, మేం సొంతంగా ఏమీ మార్చొద్దన్నారు.

కరెంటు పోతే వాడటానికి సిలిండరు ఒకటి పెట్టుకోమంటున్నారు. చిన్న సిలిండరు ఎంతసేపు వస్తుంది? మా వీధి చివర వెల్డింగు షాపతను తన దగ్గరున్నది వెంటనే ఇస్తానన్నాడు.

భీమవరం బయోమెడికల్ | జూన్ 16, రాత్రి 9:30

వెల్డింగు సిలిండరు వద్దు చెల్లెమ్మా. వైద్యానికి ఇచ్చేది నల్ల ఒళ్లు, తెల్ల భుజం ఉన్న సిలిండరు. పరిశ్రమలది మొత్తం నలుపు. వెల్డింగు షాపులో అది గ్రీజు చేతులతో తిరుగుతుంది, లోపల ఇంకేం కలిసిందో తెలియదు.

లెక్క తేలిక. బి టైపు చిన్న సిలిండరులో నీళ్లు పోస్తే సుమారు 10 లీటర్లు పడతాయి. నిండుగా ఉంటే ఒత్తిడి చూపే గేజి 150 బార్ చూపిస్తుంది. రెండూ గుణిస్తే 1500 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి 2 లీటర్లంటే 750 నిమిషాలు, పన్నెండున్నర గంటలు. గేజి 60కి దిగితే 600 లీటర్లు, ఐదు గంటలు. పెద్ద డి టైపులో 7000 లీటర్ల దాకా ఉంటుంది, 2 చొప్పున రెండు రోజులు దాటుతుంది. ఈ లెక్క ఒక అట్టముక్క మీద రాసి సిలిండరుకి వేలాడగట్టండి, రాత్రివేళ అమ్మగారు గుణించుకోనక్కర్లేదు.

సిలిండరుని నిలబెట్టి గోడకి గొలుసుతో కట్టాలి. దొర్లి పడి మెడ విరిగితే ఆ ఒత్తిడికి గోడలు కూడా ఆగవు. మర బిగుసుకుపోయిందని నూనె చుక్క వేస్తారు కొందరు. ప్రాణం మీదకి వచ్చే పని అది. అంత ఒత్తిడిలో ఆక్సిజన్ నూనెని తాకితే నిప్పు అక్కర్లేకుండానే అంటుకోవచ్చు. నూనె చేతులు, పచ్చడి చేతులు కడుక్కునే రెగ్యులేటరు ముట్టుకోవాలి. మరని మెల్లగా తిప్పాలి. ఆటోలో తెచ్చేటప్పుడు డ్రైవరు బీడీ కాల్చకుండా చూసుకోండి.

ఏటిగట్టు లంక | జూన్ 17, ఉదయం 5:50

కోనసీమ లంక గ్రామం నించి రాస్తున్నాను. జూన్ నడుస్తోంది కాబట్టి ఈ మాట ఇప్పుడే చెప్పాలి.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది వరద. మా ఊళ్లో ముందు జాగ్రత్తగా కరెంటు తీసేసేరు. అమ్మకి ఇంట్లో ఆక్సిజన్. "రేపటికి తగ్గుతుందిలే" అని ఉండిపోయేం. ఇన్వర్టరు మధ్యాహ్నానికి అయిపోయింది. సిలిండరు గేజి 40 మీద ఉంది, అంటే మూడు గంటల మాట. అమ్మని మంచంతో సహా పడవెక్కించేం. ఇంజను పడవ, డీజిలు వాసన, పడవ నడిపే అతని చెవి మీద బీడీ. కాళ్లు పట్టుకున్నంత పనిచేసి బీడీ ఏట్లో పారేయించేను. ఇంజను వెనక, సిలిండరు ముందు పెట్టి తాళ్లతో పడవ చెక్కలకి కట్టేం. గట్టు చేరేసరికి గేజి 10 దగ్గరుంది.

ఆ ఏడాది నించి మా పద్ధతి మార్చేం. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. ఆక్సిజన్ మీదున్న మనిషి ఇంట్లో ఉంటే రెండో హెచ్చరిక దాకా ఆగే పని లేదు. మొదటిదానికే కాజ్‌వే మునక్కముందే గట్టు దాటి బంధువులింటికి వెళ్లిపోతాం. జూన్‌లోనే సచివాలయంలో, ఏఎన్‌ఎమ్మ గారికి, మా లైన్‌మ్యాన్‌కి "ఈ ఇంట్లో ఆక్సిజన్ మనిషి ఉంది" అని పేరు రాయించి వస్తాం. డిశ్చార్జి కాగితం, మందుల చీటీ, రెండు కొత్త ముక్కు గొట్టాలు, సిలిండరు తాళంచెవి ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అటక మీద ఉంచుతాం. తుపానుకీ ఇదే లెక్క. 1996 నవంబరు తుపానప్పుడు మా వైపు కరెంటు ఎన్నాళ్లకి వచ్చిందో పెద్దవాళ్లని అడగండి.

రావులపాలెం మేనల్లుడు | జూన్ 17, ఉదయం 9:15

మా మామ్మకి ఆయాసం ఉంది, రీడింగు 95, 96. ఇంట్లో కరోనా నాటి మిషను ఉంది కదా, రోజూ కాసేపు పెడితే మంచిదేనా?

ఛాతీ డాక్టరు, కాకినాడ | జూన్ 17, రాత్రి 10:20

వద్దు తమ్ముడూ. ఆయాసం వేరు, ఆక్సిజన్ తగ్గడం వేరు. 95 ఉన్న మనిషికి ఆక్సిజన్ పెట్టినా ఆయాసం తగ్గదు. ఆక్సిజన్ కొంచెమే తగ్గిన సీఓపీడీ వాళ్లకి, అంటే ఆక్సిజన్ పెట్టుకోనప్పుడు రీడింగు 89 నించి 93 ఉన్నవాళ్లకి కూడా ఇంట్లో ఆక్సిజన్ వల్ల ఆయుష్షు పెరగలేదని 2016లో వచ్చిన పెద్ద పరిశోధన చెప్పింది. మామ్మగారికి గుండె వల్లో, రక్తం తక్కువవడం వల్లో, ఉబ్బసం వల్లో తెలియాలి. మిషను పెట్టి ఊరుకుంటే అసలు జబ్బు లోపల పెరుగుతూ ఉంటుంది. చూపించండి.

అంబాజీపేట అమ్మాయిగారూ, ఆసుపత్రిలో జబ్బు ముదిరినప్పుడు రాసిన ఆక్సిజన్ ఎప్పటికీ అలాగే ఉండాలని లేదు. రెండు మూడు నెలలకి మళ్లీ పరీక్ష చేసి, ఇంకా కావాలా, ఎంత కావాలి అన్నది తేల్చాలి. ఆ తేదీ ఇప్పుడే రాయించుకోండి.

మార్టేరు రైతు | జూన్ 17, రాత్రి 10:45

ఒకటి మర్చిపోయానండి. మా నాన్నకి నిప్పంటుకున్నప్పుడు చుట్టుపక్కలవాళ్లంతా నీళ్ల కోసం పరిగెత్తేరట, మిషను తిరుగుతూనే ఉంది. మొహం మీంచి గొట్టం లాగెయ్యాలి, స్విచ్చి గానీ సిలిండరు మర గానీ కట్టెయ్యాలి, మనిషిని బయటికి లాగాలి. ఆ తర్వాతే నీళ్లు, 101, 108. మీ అమ్మగారి చేత ఒకటికి రెండుసార్లు ఉత్తుత్తిగా చేయించి చూడండి. భయంలో చెయ్యి స్విచ్చి దగ్గరికి దానంతటదే వెళ్లాలి.

కొత్తపేట కొబ్బరితోట | జూన్ 19, సాయంత్రం 6:40

అమ్మ కబురు. కార్బన్ డయాక్సైడ్ పెరిగిందన్నారు, మరీ ప్రమాదంలోకి వెళ్లలేదన్నారు. రెండు రాత్రులు మాస్కు పెట్టి, ఇవాళ ఇంటికి పంపించేరు. 2 లీటర్లే. ఇప్పుడు రీడింగు 90. మొన్నటిదాకా ఆ అంకె చూస్తే గుండె ఆగినంత పనయ్యేది, ఇప్పుడు చూసి ఊపిరి పీల్చుకుంటున్నాను. డాక్టరుగారికీ, నరసాపురం అక్కగారికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

అంబాజీపేట అమ్మాయి | జూన్ 20, రాత్రి 11:10

రేపు పొద్దున్న బస్సు. కొత్తపేట అన్నయ్యగారూ, అమ్మగారు ఇంటికి చేరేరంటే మనసు కుదుటపడింది.

సిలిండరు వచ్చింది, గోడకి గొలుసు కట్టించేం, అట్టముక్క వేలాడదీశాను. సెప్టెంబరు 10న పరీక్షకి తేదీ తీసుకున్నాం. గుమ్మం మీద "లోపల ఆక్సిజన్ ఉంది, చుట్ట బీడీ వద్దు" అని పెద్దక్షరాలతో రాసి అంటించేం. దాన్ని నాన్నగారే చదివి, తలగడ కింద దాచుకున్న రెండు చుట్టలు తీసి నా చేతికిచ్చేరు. అవి అక్కడున్నట్టు మాకెవరికీ తెలియదు. మార్టేరు అన్నగారూ, ఆ తలగడ గలీబు ముక్కు గొట్టం పక్కనే ఉంటుంది. ఇది రాస్తుంటే నా చెయ్యి వణుకుతోంది.

అమ్మ ఇవాళ మూడుసార్లు కళ్లు మూసుకుని స్విచ్చి కట్టి చూపించింది. మూడోసారి నేను పది లెక్కపెట్టేలోపు గొట్టం లాగి, స్విచ్చి తీసి, తలుపు దగ్గరికి వచ్చేసింది. వరద రోజులకి మా పిన్నిగారి ఊరు అనుకున్నాం, రేపు ఏఎన్‌ఎమ్మ గారి దగ్గర పేరు రాయించడానికి తమ్ముడు వెళ్తాడు.